రెండు గడుల మధ్య

అది ఒక చిన్న కార్డు. వారంలో ఏడు రోజులకు ఏడు వరసలు. ప్రతి వరసలో కొన్ని గడులు. ఇవాళ దుఃఖం ఎంత, కోపం ఎంత, సిగ్గు ఎంత? 0 నుంచి 5 దాకా ఏదో ఒక అంకె వెయ్యాలి. ఆ పక్కన మరో గడి: ఒంటికి హాని చేసుకోవాలని ఇవాళ మనసు ఎంత గట్టిగా లాగింది? దాని పక్కనే ఇంకొకటి: చేసుకున్నారా, లేదా? రాత్రి పడుకునే ముందు ఆ రోజు వరస నింపాలి. వారానికోసారి ఆ కార్డు పట్టుకుని చికిత్సకు వెళ్లాలి.

ఈ కార్డులో తెలివంతా ఆ చివరి రెండు గడులను విడివిడిగా గీయడంలో ఉంది. ఇంట్లోవాళ్లకు, చాలాసార్లు డాక్టర్లకు కూడా కనిపించేది రెండో గడి ఒక్కటే. గాయం ఉందా, లేదా. ఉంటే తిట్లు, ఏడుపులు. లేకపోతే ‘హమ్మయ్య, మానేసింది’. కానీ మొదటి గడిలో 5 వేసి, రెండో గడిలో ‘లేదు’ అని రాసిన రోజులు కొన్ని ఉంటాయి. ఆ రోజున ఒక మనిషి ఎంత పెద్ద పని చేసిందో బయటివాళ్లకు తెలియదు. ఆ రెండు గడుల మధ్య ఏం జరుగుతుంది, అక్కడ నిలబడడం ఎందుకంత కష్టం, దాన్ని నేర్పడం సాధ్యమేనా? ఈ అధ్యాయం ఆ ప్రశ్నల గురించే.

ఒక మాట ముందే చెప్పాలి. ఎలా చేసుకుంటారు, దేనితో చేసుకుంటారు అన్న వివరాలు ఇక్కడ ఉండవు. మానడానికి పోరాడుతున్నవారికి అలాంటి వర్ణనలు చదవడమే ఆ లాగుడును రేపుతుంది. పైగా, అర్థం చేసుకోవడానికి ఆ వివరాలు అవసరం లేదు.

చచ్చిపోవాలన్న ఉద్దేశం లేకుండా, కావాలని తన శరీరాన్ని తానే గాయపరచుకోవడాన్ని వైద్యులు ఆత్మహత్యాయత్నం నుంచి వేరుచేసి చూస్తారు. 2013లో వచ్చిన అమెరికన్ మానసిక వైద్యుల గ్రంథం డి.ఎస్.ఎమ్.-5 దీన్ని ఇంకా అధ్యయనం చేయవలసిన స్థితుల జాబితాలో విడిగా చేర్చింది. ఇదేమీ అరుదైన విషయం కాదు. అనేక దేశాల సర్వేలను కలిపి 2014లో ఆస్ట్రేలియా పరిశోధకులు లెక్క కడితే, కౌమారంలో ఉన్నవారిలో దాదాపు 17 శాతం మంది ఎప్పుడో ఒకసారి ఇలా చేసుకున్నామని చెప్పినట్టు తేలింది. అంటే 40 మంది ఉన్న తరగతిలో ఆరేడుగురు. అందులో మగపిల్లలూ ఉంటారు. తనను తాను గాయపరచుకున్న కుర్రాణ్ణి ‘కోపం ఎక్కువ’ అని వదిలేస్తాం కాబట్టి వాళ్లు లెక్కలోకి రారు, అంతే.

వేరుచేసి చూడడమంటే తేలిగ్గా తీసుకోవడం కాదు. గాయంతో ఆసుపత్రికి వచ్చినవారిని గమనించిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూస్తే, ఏడాదిలోపు ఆరుగురిలో ఒకరు మళ్లీ అలాగే రావడం, అరవైమందిలో ఒకరు ఆత్మహత్యకు బలికావడం కనిపించింది. ఇవాళ చావాలని లేని మనిషికి రేపు ఆ ఆలోచన రావచ్చు. ‘ఊరికే బెదిరిస్తోంది’ అన్న మాట అందుకే తప్పు మాత్రమే కాదు, ప్రమాదకరం కూడా.

ఆ మాట మన ఇళ్లలో ఎంత తొందరగా వస్తుందో! ‘డ్రామాలు’, ‘నాటకాలు’, ‘అందరూ తననే చూడాలని’. ఈ అనుమానాన్ని పరీక్షించినవాళ్లున్నారు. 2004లో మాథ్యూ నాక్, మిచెల్ ప్రిన్‌స్టైన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఆసుపత్రిలో చేరిన కౌమారుల్ని నేరుగా అడిగారు: ఎందుకు చేసుకుంటావు? ఎక్కువగా వచ్చిన జవాబు, భరించలేని భావం ఒకటి ఆగాలని. ఇంకొందరు, ఏమీ అనిపించని మొద్దుతనం నుంచి బయటపడాలని అన్నారు. పక్కవాళ్ల దృష్టి కోసం, ఏదైనా సాధించుకోవడం కోసం అన్న జవాబులు బాగా వెనకబడ్డాయి. మామూలుగా ఆలోచించినా ఇది తెలియాల్సిందే. చూపించుకోవాలని చేసేవాళ్లు మే నెల ఎండలో నిండు చేతుల చొక్కా వేసుకుని ఎందుకు తిరుగుతారు?

మరి నొప్పి వల్ల భావం ఎలా ఆగుతుంది? ఇక్కడ కాసేపు ఆగాలి. వినడానికి తలకిందులుగా ఉన్న ఈ విషయంలోనే అసలు ముడి ఉంది.

ఒంటికి నొప్పి తగిలి, ఆ నొప్పి తీసేయగానే మెదడు మామూలు స్థితికి వచ్చి ఊరుకోదు. నొప్పికి ముందున్న దానికన్నా కాస్త ఎక్కువ ఊరటలోకి జారుతుంది. బిగుతు చెప్పులు రోజంతా తొడుక్కుని ఇంటికొచ్చి విప్పిన క్షణం గుర్తుచేసుకుంటే చాలు. జోసెఫ్ ఫ్రాంక్లిన్ అనే అమెరికన్ పరిశోధకుడు ఈ ఊరటను ప్రయోగశాలలో కొలిచాడు. ఉలిక్కిపడినప్పుడు కళ్లు ఎంత గట్టిగా మూసుకుంటాయో చూసి మనసులోని కలవరాన్ని అంచనా కట్టే పద్ధతి ఒకటుంది. నొప్పి ఆగిన వెంటనే ఆ కలవరం తగ్గింది. తనను తాను గాయపరచుకునే అలవాటున్నవారిలోనూ తగ్గింది, ఎన్నడూ చేసుకోనివారిలోనూ దాదాపు అంతే తగ్గింది. అంటే ఊరటకు దారితీసే ఈ తలుపు అందరి మెదళ్లలోనూ ఉంది. వాళ్ల మెదడు ‘చెడిపోయి’ ఇలా చేయడం లేదు.

ఒకసారి ఆ తలుపు తెరుచుకుంటే అలవాటు ఎలా పడుతుందో చెప్పడానికి ఇంట్లో రోజూ జరిగేదే చాలు. రెండేళ్ల పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. అమ్మ ఫోన్ చేతికిచ్చింది. ఏడుపు ఆగింది. పిల్లాడికి ఫోన్ అలవాటైందని అందరూ అంటారు గానీ, అక్కడ అంతకన్నా గట్టిగా నేర్చుకున్నది అమ్మ. ఫోన్ ఇవ్వడం, చెవులు పగిలే ఏడుపు ఆగడం, ఈ రెంటి మధ్య ఆమె మెదడు ముడి వేసేసుకుంది. మర్నాడు ఏడుపు మొదలవుతూనే చెయ్యి ఫోన్ వైపు పోతుంది. బాధను తక్షణం ఆపే పని ఏదైనా సరే, అది మంచిదా చెడ్డదా అని చూడకుండా మెదడు దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. ఊరట నిమిషాల్లో వస్తుంది. సిగ్గు, మచ్చ, దాచుకోవడం, అబద్ధాలు తర్వాత వస్తాయి. మెదడు ముడివేసేది ముందొచ్చినదానితోనే. ఆ సిగ్గే మళ్లీ భరించలేని భావమై తర్వాతి సారికి దారితీస్తుంది.

అయితే తలుపు అందరికీ ఉన్నప్పుడు కొందరే ఎందుకు తెరుస్తారు? హార్వర్డ్‌లో జిల్ హూలీ చేసిన పని ఇక్కడ వెలుగు చూపుతుంది. గాయపరచుకునేవారు ప్రయోగంలో నొప్పిని మిగతావారికన్నా ఎక్కువసేపు ఓర్చుకుంటారు. తమను తాము ఎంత ఎక్కువగా నిందించుకుంటే అంత ఎక్కువసేపు. ‘నాకిది తగిందే’ అనుకునే మనిషి నొప్పిని ఎందుకు ఆపుతుంది? 2014లో ప్రచురించిన ప్రయోగంలో ఆమె బృందం ఒక చిన్న పని చేసింది. కొన్ని మంచి గుణాల పేర్లు ఇచ్చి, వాటిలో తమకు సరిపోయేవి ఎంచుకుని, ఎందుకు సరిపోతాయో తమ జీవితంలోంచే ఉదాహరణలు చెప్పమంది. కొన్ని నిమిషాల సంభాషణ, అంతే. ఆ తర్వాత వాళ్లు నొప్పిని అంతసేపు ఓర్చుకోలేదు. ‘చాలు’ అన్నారు. తన మీద తనకు కాస్త గౌరవం కలిగితే ఒళ్లు తనను తాను కాపాడుకుంటుందన్నమాట. తిట్టి మాన్పించాలనుకునేవారు ఈ ఒక్క ఫలితాన్ని గుర్తుంచుకుంటే చాలు.

ఈ కథలో ఒక పేరు దగ్గర ఎక్కువసేపు నిలబడక తప్పదు. పైన చెప్పిన కార్డును చికిత్సలో భాగం చేసిన మనిషి, మార్షా లైనహాన్.

1943లో అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రం టల్సాలో పుట్టింది. ఆరుగురు పిల్లల్లో మూడోది. 17వ ఏట, 1961లో, కనెటికట్‌లోని హార్ట్‌ఫర్డ్‌లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లివింగ్ అనే మానసిక వైద్యశాలలో చేర్చారు. అక్కడ 26 నెలలుంది. ఆగకుండా తనను తాను గాయపరచుకునేది. స్కిట్జోఫ్రీనియా అన్నారు. గట్టి మందులిచ్చారు, కరెంటు షాకులిచ్చారు, నెలల తరబడి ఒంటరి గదిలో పెట్టారు. ఆ గదిలో హాని చేసుకోవడానికి ఏమీ ఉండకూడదని అన్నీ తీసేశారు. అయినా ఆమె హాని చేసుకోవడం ఆగలేదు. పనిముట్లు తీసేస్తే పోయే జబ్బు ఇది కాదని ఆ గది అప్పుడే చెప్పింది, వినే చెవి అక్కడ లేకపోయింది.

1963లో బయటికొచ్చింది. నయమైపోయి కాదు. షికాగోలో బీమా కంపెనీలో గుమాస్తా పని చేస్తూ, లయోలా విశ్వవిద్యాలయంలో రాత్రి తరగతులకు వెళ్లింది. ఈ నరకం నుంచి నేను బయటపడాలి, బయటపడ్డాక తిరిగొచ్చి మిగతావాళ్లను బయటికి తేవాలి అని మొక్కుకున్నానని తర్వాత చెప్పింది. 1967లో ఒక క్రైస్తవ ప్రార్థనాలయంలో ఆమెకు గాఢమైన ఆధ్యాత్మిక అనుభవం కలిగింది. తన మీద తనకున్న ద్వేషం ఆ రోజు కరిగిందంటుంది. 1971లో డాక్టరేట్ పూర్తి చేసింది. తర్వాత సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చేరి, ఎవరూ చేతిలోకి తీసుకోవడానికి ఇష్టపడని రోగులను ఏరికోరి తీసుకుంది. పదేపదే హాని చేసుకునేవారిని, పదేపదే చావబోయేవారిని.

మొదట ఆమె ప్రయత్నించింది ప్రవర్తన మార్చే చికిత్స. ఇది మార్చుకో, అది మార్చుకో. రోగులు మండిపడ్డారు, లేచి వెళ్లిపోయారు. ‘అంటే తప్పంతా నాదేనా?’ సరేనని అటు కొసకు పోయింది. మార్పు మాట ఎత్తకుండా వాళ్ల బాధను ఉన్నదున్నట్టు ఒప్పుకోవడం, వినడం. దానికీ మండిపడ్డారు. ‘నేను తగలబడిపోతుంటే వింటూ కూర్చుంటావా?’ రెండూ న్యాయమైన కోపాలే. అందుకని రెంటినీ ఒకేసారి పట్టుకోవలసి వచ్చింది. నువ్విలా చేయడానికి కారణం ఉంది, నీ పరిస్థితిలో అది అర్థమయ్యే పనే. అయినా నువ్వు మారాలి, మారగలవు కూడా.

ఈ పద్ధతికి పేరు పెట్టిన తీరు తెలుగువారికి నచ్చుతుంది. లైనహాన్ దగ్గర పనిచేసే సహాయకురాలి భర్త మార్క్సిస్టు తత్వవేత్త. మీ చికిత్స గతితార్కికంగా ఉంది అన్నది ఆ సహాయకురాలే. పరస్పరం విరుద్ధమైన రెండు ఒకదానితో ఒకటి పెనుగులాడి మూడోదానికి దారితీయడం. అలా అది డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ అయింది. పొట్టిగా డి.బి.టి. గతితార్కిక భౌతికవాదం పుస్తకాలు చదివిన తరానికి ఆ మాట ఇలా ఒక ఆసుపత్రి గదిలో ఎదురుపడుతుందని తోచి ఉండదు.

1991లో ఆమె తొలి పరీక్ష ఫలితాలు ప్రచురించింది. ఏడాది పాటు డి.బి.టి. తీసుకున్న స్త్రీలు, మామూలు చికిత్స తీసుకున్నవారికన్నా తక్కువసార్లు హాని చేసుకున్నారు, ఆసుపత్రిలో తక్కువ రోజులున్నారు. అంతకన్నా ముఖ్యం, చికిత్సను మధ్యలో వదిలేసినవారు చాలా తక్కువ. తర్వాత కౌమారుల మీద నార్వేలో, అమెరికాలో పరీక్షలు జరిగాయి. 2018లో వచ్చిన అమెరికా అధ్యయనంలో 173 మంది ఉన్నారు. ఆరు నెలలకు డి.బి.టి. స్పష్టంగా మెరుగు. ఏడాదికి వచ్చేసరికి తేడా తగ్గింది, ఎందుకంటే పోలిక కోసం వేరే చికిత్స ఇచ్చినవారు కూడా మెరుగవుతూ వచ్చారు. ఇది మంత్రం కాదు. కానీ ‘వీళ్లను ఎవరూ మార్చలేరు’ అన్న మాట మాత్రం ఆ తర్వాత నిలబడలేదు.

చికిత్స లోపల ఏం చేస్తారో దగ్గరగా చూద్దాం. ఇంటర్ హాస్టల్లో ఉన్న అమ్మాయి ఒకామె ఉందనుకుందాం. ఆదివారం రాత్రి చేసుకుంది. ‘ఎందుకు?’ అంటే ‘తెలీదు’ అంటుంది. అబద్ధం కాదు, నిజంగానే తెలీదు. అప్పుడు చికిత్సకురాలు జరిగినవాటి గొలుసును వెనక్కి లాగడం మొదలుపెడుతుంది. అంతకుముందు నిమిషం ఏమైంది? బాత్రూంలో తలుపేసుకుంది. దానికి ముందు? నాన్నతో ఫోన్. నాన్న ఏమన్నారు? ‘ఏం లేదు, ఎన్నో ర్యాంకు అని అడిగారు, ఊఁ అన్నారు.’ ఆ ‘ఊఁ’ విన్నప్పుడు ఒంట్లో ఎక్కడ ఏమనిపించింది? ‘మెడ దగ్గర వేడి.’ మనసులో ఏ మాట తిరిగింది? ‘నామీద డబ్బు దండగ.’ అంతకుముందు? వీకెండ్ టెస్టు మార్కులు గ్రూపులో పెట్టారు. మధ్యాహ్నం తిన్నావా? లేదు. ముందురోజు ఎన్నింటికి పడుకున్నావు? రెండింటికి.

ఇప్పుడు ‘తెలీదు’ అన్నచోట పది లింకులున్నాయి. గొలుసును తెంచాలంటే చివరి లింకు దగ్గరే పట్టుబట్టక్కర్లేదు. నిద్ర దగ్గర తెంచవచ్చు, అన్నం దగ్గర తెంచవచ్చు, ఫోన్‌లో ‘నాన్నా, ఇవాళ మార్కుల గురించి వద్దు’ అని అనడం నేర్చుకుని అక్కడ తెంచవచ్చు. నైపుణ్యాలు అని వాళ్లనేవి ఇవే. ఉన్నదాన్ని చూడగలగడం, బాధను తట్టుకోవడం, ఉద్వేగాన్ని అదుపులో పెట్టుకోవడం, మనుషులతో మాట్లాడడం. మొదటిదానికి లైనహాన్ జెన్ బౌద్ధం దగ్గరికి వెళ్లింది. కాలిఫోర్నియాలోని షాస్తా అబీలో, తర్వాత జర్మనీలో ధ్యానం నేర్చుకుని, మతం మాటలు తీసేసి రోగులకు అందించింది. అమరావతి, నాగార్జునకొండల్లో ఒకప్పుడు భిక్షువులు సాధన చేసిన ‘స్మృతి’ అనే ఎరుకకు ఇది దూరపు చుట్టమే.

లాగుడు 5కు చేరిన ఆ పది నిమిషాలకు మాత్రం ధ్యానం చాలదు. అక్కడ శరీరాన్నే ఉపయోగించుకుంటారు. ఊపిరి బిగబట్టి ముఖాన్ని కాసేపు చల్లటి నీళ్లలో పెడితే గుండె వేగం తగ్గుతుంది. నీటిలో మునిగే క్షీరదాలకు ఉన్న ప్రతిచర్య అది, మనకూ మిగిలింది. బకెట్లో నీళ్లు, కాస్త ఐసు ఉంటే చాలు. (గుండెజబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా చేయకూడదు.) ఇది బాధను పోగొట్టదు, నెత్తి మీది పొంగును దించుతుంది. లైనహాన్ పనిచేసిన విశ్వవిద్యాలయంలోనే తాగుడు వ్యసనం మీద పనిచేసిన ఆలన్ మార్లట్ ఇంకో సంగతి చెప్పేవాడు. కోరిక అలలాంటిది, లేస్తుంది, శిఖరానికి చేరుతుంది, విరుగుతుంది. దానితో కుస్తీ పట్టకుండా, దానికి లొంగకుండా, మీద తేలుతూ విరిగేదాకా ఉండాలి. ఆ శిఖరం మీద ఉన్నవారికి మాత్రం అది ఎప్పటికీ దిగదనే అనిపిస్తుంది. దిగుతుందని నమ్మాలంటే, ఒకసారి దిగడం కళ్లారా చూసి ఉండాలి. మొదటిసారి ఎవరైనా పక్కన కూర్చోవలసింది అందుకే.

రోజులు లెక్కపెట్టడం గురించి కూడా చెప్పాలి. 30 రోజులైంది, 90 రోజులైంది అని గోడ క్యాలెండర్లో గీతలు పెట్టుకునేవారున్నారు. కొందరికి అది ఊతకర్రే. కానీ 91వ రోజు జారితే? లెక్క సున్నాకు వస్తుంది, ‘ఇంకేముంది, అంతా పోయింది’ అన్న నిరాశలో ఒకసారి జారినది పదిసార్లవుతుంది. తాగుడు మానేవారిలో సరిగ్గా ఇదే మార్లట్ గమనించాడు. డి.బి.టి. అందుకే రెండు మాటలను కలిపి పట్టుకోమంటుంది. ఈ క్షణం నుంచి మళ్లీ ఎన్నడూ చేయను, పూర్తిగా. ఒకవేళ జారితే, పడ్డచోటు నుంచే లేచి నడుస్తాను, వెనక్కి వెళ్లి మొదటి నుంచి కాదు. 90 రోజుల్లో నేర్చుకున్నది 91వ రోజున చెరిగిపోదు. క్యాలెండర్లో చెరిగిందల్లా అంకె.

చాలామంది మానేస్తారు కూడా. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 1,800 మంది పిల్లలను కౌమారం నుంచి ఇరవైల చివరిదాకా వెంబడించిన అధ్యయనం 2012లో లాన్సెట్‌లో వచ్చింది. కౌమారంలో 149 మంది, అంటే 8 శాతం, హాని చేసుకున్నామన్నారు. పెద్దయ్యేసరికి వాళ్లలో పదికి తొమ్మిది మంది మానేశారు. అయితే వాళ్లలో చాలామందికి అప్పట్లోనే కుంగుబాటు, ఆందోళన ఉన్నాయి. గాయం ఆగినంత మాత్రాన అవి వాటంతటవి పోతాయనుకోకూడదని పరిశోధకులు హెచ్చరించారు.

మానడానికి పోరాడేవారికి బయటి మనుషులు చేసే గాయం కూడా ఉంటుంది. బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు నిర్ణయించే నైస్ సంస్థ 2004లో స్వీయహాని మీద తొలి మార్గదర్శకాలు ఇచ్చినప్పుడు, కుట్లు వేసేటప్పుడు వీళ్లకు మత్తుమందు, నొప్పి మందు ఇవ్వాలని విడిగా రాయవలసి వచ్చింది. ‘నొప్పంటే ఇష్టం కదా’ అని మత్తు లేకుండా కుట్టిన అనుభవాలను రోగులే ముందుకొచ్చి చెప్పిన ఫలితం అది.

మన దగ్గర భయం ఇంకో రూపంలో ఉంటుంది. ‘ఆసుపత్రికి తీసుకెళ్తే పోలీసు కేసవుతుందేమో.’ ఆత్మహత్యాయత్నం శిక్షార్హమన్న పాత 309 సెక్షన్ నీడ ఇది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని, ఆదుకునే బాధ్యత ప్రభుత్వానిదని చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ పాత సెక్షన్ అసలు లేదు. ఈ కబురు ఇంకా చాలా ఇళ్లకు చేరలేదు.

చేతి మీద గాయాలు చూసిన తల్లికి గుండె జారిపోతుంది. మొదట నోట్లోంచి వచ్చేది అరుపే. సహజం. కానీ ఆ అరుపు గొలుసులో ఇంకో లింకవుతుంది. ‘నా మీద ఒట్టు, ఇంకెప్పుడూ చెయ్యనను’ అని ఒట్టు వేయించుకోవడం కూడా అంతే. ఒట్టు తప్పిన రోజున పిల్ల చెప్పుకునే తలుపు మూసుకుపోతుంది. గాయానికి కట్టు కట్టి, పక్కన కూర్చుని, ‘ఎంత బాధ పడితే ఇలా చేసుకున్నావమ్మా’ అనగలిగితే చాలు, ఆ రాత్రికి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగవచ్చు. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయానికి ఆధారం లేదు. మర్నాడు మానసిక వైద్యుల దగ్గరికి. అందాకా ఆగలేకపోతే, 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ ఉంది. నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు. రాత్రి రెండింటికైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. ఫోన్ అమ్మ చేయవచ్చు, హాస్టల్ వార్డెన్ చేయవచ్చు, ఆ అమ్మాయే దుప్పటి కప్పుకుని గొంతు తగ్గించి చేయవచ్చు.

లైనహాన్ తన కథను చాలా ఏళ్లు దాచింది. ఆమె చేతుల మీది మచ్చలు చూసిన ఒక రోగి, మీరూ మాలాంటివారేనా, అయితే చెప్పండి, మాకు ఎంతో ఆశగా ఉంటుంది అని అడిగింది. 2011 జూన్‌లో, 68వ ఏట, ఆమె హార్ట్‌ఫర్డ్‌లో అదే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లివింగ్‌కు వెళ్లింది. స్నేహితులు, కుటుంబం, డాక్టర్లు నిండిన హాల్లో నిలబడి, పదిహేడేళ్లప్పుడు తాను ఈ భవనంలోనే రోగినని చెప్పింది.